ఆర్ట్ సిల్క్ దారం గైడ్ల కాడ నూగు లేస్తుంది, రాపిడి తగ్గాలంటె ఏం జెయ్యాలె?

చౌటుప్పల్_ట్విస్టింగ్:

అందరికి నమస్తే. మాది చౌటుప్పల్ దగ్గర చిన్న షెడ్డు, ఒక వైండింగ్ మిషిన్, ఒక పాత రింగ్ డబ్లర్ (పోగులు కలిపి పురి పెట్టే మిషిన్), రెండు గూడ సూరత్ కెల్లి సెకండ్ హ్యాండ్ల తెచ్చుకున్న. 120 డెనియర్ (దారం మందం కొలత) ఆర్ట్ సిల్క్, అదే విస్కోస్ రేయాన్ ఫిలమెంట్, రెండు పోగులు కలిపి పురి పెట్టి చుట్టుపక్కల మగ్గాలోళ్ళకు ఇస్త. చలికాలమంత ఏ రంది లేకుండ నడిచింది, మార్చి పడ్డ కాడి నుంచి మొదలైంది సతాయింపు. గైడ్ల కాడ, అదే దారాన్ని తొవ్వల పెట్టే పిన్నులు, కొక్కేల కాడ, దారానికి నూగు లేస్తుంది, దగ్గర పెట్టి చూస్తె పోగుల ఉన్న వెంట్రుకలసొంటి ఫిలమెంట్లు ఒకటి రెండు తెగి గైడుకు చుట్టుకుంటున్నయ్, చుట్టుకున్న కాడ ఉండ కట్టి ఆఖరికి మొత్తం దారమే పట్మని తెగుతుంది. గైడ్ల కింద తెల్లగ పొడి గూడ రాలుతుంది, పొద్దున తుడిస్తె మధ్యాహ్నానికి మల్ల అంతే.

తెగుడు వరకైతె ముడేసుకుంట ఓర్సుకుందు. కని పోయిన వారం ఒక మగ్గమాయన చీర పట్టుకొచ్చి ఎండల పరిచి చూపెట్టిండు, పేకల జానెడుకొక కాడ సన్నగ గీత లెక్క మెరుస్తుంది, రంగు గూడ ఆడ జర తేలిపోయింది. నీ దారమే ఇట్ల జేసిందని అన్నడు. ఆయన మా నాయన కాలం నుంచి తెలిసినాయన, కోపంగ గూడ అనలె, ఊకె చీర మడత పెట్టి బల్ల మీద పెట్టి పోయిండు. ఆ రాత్రి నాకు నిద్ర రాలె.

నేను చేసినయి చెప్త. గైడు పిన్నులు అరిగినయేమో అని హైదరాబాద్‌ల ఒక షాపుల క్రోమ్ ప్లేటింగ్ చేయించిన, అద్దం లెక్క ముఖం కనపడుతుంది, కని పెట్టినంక ఇంక ఎక్కువ తెగుతుంది. ఫెల్టు ముక్క మీద కుట్టు మిషిన్ నూనె పోసి దారాన్ని దాని మీదికెల్లి పోనిచ్చిన, రెండు దినాలు మంచిగ అనిపించింది. ఎండకు గాలి ఎండిపోయిందని బోరు నీళ్ళతోని ఫాగర్, అదే నీళ్ళ తుంపర కొట్టే మిషిన్, పెట్టిన. ఇంక ఏం చెయ్యాలె, ఎవరికన్న తెలిస్తె చెప్పుండ్రి, ఊకె మిషిన్ మార్చు అనకుండ్రి, పైసలు లెవ్వు.


జడ్చర్ల_ఫిట్టర్:

తమ్మీ, ముందుగాల్ల నూనె బంద్ చెయ్. కుట్టు మిషిన్ నూనె ఉడకబెట్టినా సక్కగ పోదు, అది ఉన్న కాడ రంగు పట్టదు, అది వేరే తలకాయ నొప్పి. దారం మీద ఫ్యాక్టరీలనే ఫినిష్ నూనె పెట్టి పంపుతరు, మనం వెయ్యాలంటె కడిగితె పోయే కోనింగ్ ఆయిల్ వెయ్యాలె, అది గూడ ఆఖరి సంగతి.

అసలు సంగతి దారం నడిచే తొవ్వ. చాలమంది అనుకునేది ఏందంటె ఒక్కో గైడు కాడ ఇంత రాపిడి, అన్ని కలిపితె ఇంత అని. అట్ల కాదు. దారం గైడు మీద ఎంత మలుగుతదో దాన్ని బట్టి గుంజుడు గుణింతం అయితది, కూడిక కాదు. రాపిడి గుణకం 0.3 అనుకో, దారం ఒక పిన్ను మీద 90 డిగ్రీలు మలిగితె లోపలికొచ్చిన గుంజుడు బయటికి పోయేటప్పుడు 1.6 రెట్లు. 5 గ్రాములు వచ్చింది 8 అయితది, రెండో పిన్ను కాడ దగ్గర దగ్గర 13, మూడోదానికి 20 దాటుతది. అదే మూడు పిన్నుల మీద 30 డిగ్రీలే మలిపితె 5 కాస్త 8 దగ్గర ఆగుతది. గైడు అదే, దారం అదే, నూనె సుక్క పొయ్యలె, పిన్నులు జర జరిపినం గంతే.

ఇంకో మాట, గుణింతం అంటున్న గద, కోన్ నిండుగ ఉన్నప్పుడు దారం ఒక తీరు దిగుతది, అడుగుకు వచ్చేసరికి ఇంకో తీరు. ఆ తేడా 2 గ్రాములే ఉన్నా గైడ్లన్ని దాటేసరికి అది గూడ నాలుగింతలైతది. నీ చీరల గీతలు ఒక కాడ ఉండి ఒక కాడ లేకపోవుడు దీనితోనే అని నా అనుమానం. డిస్క్ టెన్షనర్ (దారాన్ని రెండు బిళ్ళల నడుమ నొక్కేది) అయితె కూడిక జేస్తది, గైడు గుణిస్తది, అందుకని తొవ్వ సాఫ్‌గ పెట్టుకొని కావలసిన గుంజుడు డిస్కుతోనే ఇయ్యాలె.

అద్దంలెక్క ప్లేటింగ్ సంగతి. ఇది నేను గూడ తప్పు చేసి నేర్చుకున్నదే. నున్నగ ఉంటె రాపిడి తక్కువ అని మనకు అనిపిస్తది, కని ఫిలమెంట్ దారం తనే నున్నగ ఉంటది, నున్నటి దానికి నున్నటిది ఆనితె మొత్తం ఒళ్ళంత అతుక్కుంటది. రెండు అద్దం పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి జరిపి చూడు, ఎంత గట్టిగ పట్టుకుంటయో. అందుకనే ఆర్ట్ సిల్క్‌కు, నైలాన్‌కు మ్యాట్ క్రోమ్ పిన్నులు, లేకపోతె మ్యాట్ ఫినిష్ అల్యూమినా సిరామిక్ గైడ్లు పెడ్తరు. కంటికి మసకగ కనపడుతది, వేలికి మెత్తగ తగులుతది, దారం మాత్రం దాని గుబ్బల మీద మీదికెల్లే పోతది.

గాటు పడ్డదా లేదా చూడాలంటె పాత నైలాన్ చున్నీ కొస తీసుకొని గైడు లోపల మెల్లగ గుంజు. కంటికి కనపడని గాటు గూడ చున్నీ పోగును పట్టుకుంటది. డల్ (మెరుపు తగ్గించిన) దారం నడిపిస్తున్నవా, బ్రైట్ (మెరిసే) దారమా? డల్ దారంల టైటానియం డయాక్సైడ్ కలుపుతరు, అది సన్న ఆకురాయి లెక్క గైడును కోస్తది.


పుట్టపాక_అద్దకం:

తమ్ముడూ, నేను రంగులు అద్దేదాన్ని, మిషిన్ సంగతి నాకు తెల్వది కని దారం సంగతి చెప్త. నువ్వు తెగుడు గురించి ఎక్కువ బాధ పడుతున్నవ్, తెగిన దారం కంటె తెగకుండ సాగిన దారమే మాకు ఎక్కువ నష్టం చేస్తది. తెగితె కనపడుతది, ముడేస్తం. సాగింది కనపడదు, బట్ట అయినంక బయట పడుతది.

ఆర్ట్ సిల్క్ పట్టు లెక్క కాదు, గుంజి ఇడిస్తె వెనకకు రాదు. మీటరు దారాన్ని 2 సెంటీమీటర్ల కంటె ఎక్కువ గుంజితె కొంత సాగుడు దాంట్లనే ఉండిపోతది. సాగిన కాడ మెరుస్తది, రంగు తక్కువ తాగుతది, నీళ్ళల పడ్డంక ఆ సాగింది మల్ల ముడుచుకొని బట్ట ఆడ గుంజుకపోతది. మీ మగ్గమాయన చూపెట్టింది అచ్చం అదే. మాకైతె ఇంక కష్టం, చిటికి (రంగు అంటకుండ దారానికి కట్టే కట్టు) కట్టినప్పుడు ఒక లెక్క, విప్పినంక ఒక లెక్క, పువ్వు అంచులు చెదిరిపోతయి. మా ఇంట్ల ఆసు మిషిన్ (చిటికి కట్టేముందు పోగును మేకుల చుట్టు తిప్పేది) ఉంది, ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం అన్న వాళ్ళమ్మ పేరు మీద చేసిన లక్ష్మి ఆసు, దాని మీద గుంజుడు ఒక్క తీరుగనే ఉంటది, కని లోపలికొచ్చే దారమే ముందుగాల్ల సాగి ఉంటె మిషిన్ ఏం జేస్తది.

నూనె అంటె గుర్తొచ్చింది, మా తేలియా రుమాల్ నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్ళల దినాల కొద్ది నానబెడ్తరు, అది రంగు పట్టనీకె చేసే పని, నూలుకు చెల్లుతది. అది చూసి దారం మీద ఏ నూనె పడితె ఆ నూనె పొయ్యకు. ఇంకోటి, కోన్ల మీద నీళ్ళు గూడ చల్లకు, తడిసిన ఆర్ట్ సిల్క్ బలం సగానికి పడిపోతది.


చౌటుప్పల్_ట్విస్టింగ్:

అన్నా, అక్కా, ఇద్దరికి దండాలు. డల్ దారమే అన్నా, ఫిబ్రవరిలనే బ్రైట్ నుంచి డల్‌కు మారిన, ఆ లెక్క నాకు తట్టనే లేదు. చున్నీ పెట్టి చూసిన, డబ్లర్ మీది పిగ్‌టెయిల్ గైడ్లు (పంది తోక లెక్క మెలి తిరిగిన కొక్కేలు) 24 ఉంటె 9 పట్టుకున్నయ్, టార్చి ఏటవాలుగ కొడితె గోరు కొస దిగేటంత గాటు కనపడ్డది. గుంజుడు ఎంత ఉందో కొలువనీకె మీటర్ లేదు, ఏం జెయ్యాలె? తెల్ల పొడి గూడ ఇంక అర్థం కాలె, కొత్త పిన్నుల మీద గూడ పడుతుంది.


జడ్చర్ల_ఫిట్టర్:

మీటర్ లేకున్న నడుస్తది. సన్న వాషర్లు కొన్ని బంగారం షాపుల తూయించి ఒక్కోదాని బరువు రాసిపెట్టుకో. మిషిన్ ఆపి, దారాన్ని కోన్ కెల్లి గైడ్లన్నిటి మీదికెల్లి తీసి కొసకు చిన్న కొక్కెం కట్టి వాషర్లు ఒకటొకటి తగిలియ్యు. దారం మెల్లగ జారుకుంట దిగుడు మొదలైందంటె ఆ బరువే నీ గుంజుడు. స్పీడ్ మీద ఇంకా పెరుగుతది, అది మనసుల పెట్టుకో. డెనియర్‌ల పదో వంతు గ్రాములు దాటకుండ ఉంటె మంచిది, నీ 120కి 12 గ్రాములు. కోన్ కొనకు సరిగ్గ నడిమిట్ల పైన గైడు ఉండాలె, పక్కకు ఉంటె దారం కోన్ అంచును గీక్కుంట వస్తది. పిగ్‌టెయిల్ గూడ స్పిండిల్‌కు సూటిగ ఉన్నదా గుండు కట్టి చూడు, రింగు మీద తిరిగే ట్రావెలర్లు అరిగినయి తీసి నైలాన్‌వి ఎయ్యు.


మక్తల్_పెద్దాయన:

బిడ్డా, మీ మాటలు చదివి నాకు నా పాత రోజులు యాదికొచ్చినయి. మా పాలమూరు కెల్లి బొంబాయి, భివండి పోయినోళ్ళు మస్తుమంది, నేను గూడ పోయి ముంబై అవతల ఒక రేయాన్ ఫ్యాక్టరీల స్పిన్నింగ్ ఖాతాల చాన ఏండ్లు చేసిన. మీరు కొనే దారం ఆడ పుడ్తది.

ఆడ గంధకామ్లం తొట్టి ఉంటది, దాంట్ల సోడియం సల్ఫేటు, జింకు సల్ఫేటు గూడ కలుపుతరు. కంటికి ఆననంత సన్న బెజ్జాల జెట్ల కెల్లి విస్కోస్ తేనె లెక్క వచ్చి ఆ తొట్టిల పడంగనే గట్టిపడి పోగు అయితది. అప్పుడే పుట్టిన పోగు, తడిది, పసిపిల్ల లెక్క. దాన్ని గైడు మీదికెల్లి గాజు చక్రాల మీదికి, ఆడి నుంచి గరాటల కెల్లి కింద తిరిగే కుండల పడేస్తరు. ఆ కుండ నిమిషానికి వేల చుట్లు తిరుగుతది, దారం గోడకు కొట్టుకొని పురి పడి కేకు (గుండ్రటి దారం చుట్ట) అయితది, టోఫామ్ అనే ఇంగ్లాండాయన 1900ల పట్టిచ్చిన పద్ధతి అని మా సూపర్‌వైజర్ చెప్పేటోడు.

ఒక చక్రానికి, ఇంకో చక్రానికి నడుమ కావాలనే జర గుంజుతరు, దాంతోని బలం వస్తది. కని ఆ గుంజుడు చక్రాల స్పీడు తేడాతోని మనం లెక్క కట్టి ఇచ్చేది. రాపిడితోని వచ్చే గుంజుడుకు లెక్క ఉండదు, పొద్దున ఒక తీరు, రాత్రికి ఒక తీరు. అందుకని ఆడ రాపిడి మీద అంత కొట్లాట, కదలని కొక్కేల బదులు తిరిగే చిన్న రోలర్ గైడ్లు, గాజువి, పింగాణివి, తొట్టిల దారం నడిచే దూరం గూడ ఎంత తగ్గిస్తె అంత మంచిది.

ఇగ నీ తెల్ల పొడి. మా కాడ తొట్టి నీళ్ళు గైడ్ల మీద ఆరి సల్ఫేటు ఉప్పు గడ్డ కట్టేది. కంటికి మంచు బిందువు లెక్క ముద్దుగ ఉంటది, కని దాని కొన పోగును కత్తి లెక్క కోస్తది. షిఫ్టు మారినప్పుడల్లా వేడి నీళ్ళతోని కడిగేటోళ్ళం, కండ్లు మండి నీళ్ళు కారుతున్నా కడిగేటోళ్ళం, ఎందుకంటె ఒక్క గైడు మీద ఉప్పు మిగిలితె ఆ కుండ కేకంత నూగే. నువ్వు బోరు నీళ్ళతోని ఫాగర్ పెట్టిన అన్నవ్. మీ నల్లగొండ బోరు నీళ్ళ సంగతి లోకమంత ఎరుకే. ఆ తుంపర గాలిల ఆరిపోతె నీళ్ళు పోతయి, సున్నం యాడికి పోతది బిడ్డా? గైడు మీదికే. ఆ పొడిని ఒక పళ్ళెంల తీసి నిమ్మకాయ పిండి చూడు, బుసబుస పొంగితె నీళ్ళదే. పొంగకుంటె దారందే.


చౌటుప్పల్_ట్విస్టింగ్:

కాకా, పొంగింది! స్టీలు గిన్నెల చెంచెడు పొడి ఏసి నిమ్మకాయ పిండిన, మా అమ్మ పక్కన నిలబడి చూస్తుంది, సోడా కొట్టినట్టు బుస్సుమన్నది. కొంత అడుగున మిగిలింది, అది వేలితోని నలిపితె నూగే. అంటె రెండూ ఉన్నయి. ఫాగర్ ఆ నిమిషమే బంద్ చేసి గైడ్లన్ని వెనిగర్ నీళ్ళతోని తుడిచి మంచినీళ్ళతోని కడిగి ఆరబెట్టిన. ఇప్పుడు కిటికీలకు తడి గోనె సంచులు కట్టిన, వాటికి భగీరథ నల్లా నీళ్ళు పోస్తున్న, గోనెకు పట్టిన సున్నం గోనె మీదనే ఉంటది గద.

వాషర్లు పెట్టి కొలిసిన. మొదలు 31 గ్రాములు వచ్చింది అన్నా, 12 ఉండాల్సిన కాడ 31, నాకు చేతులు చల్లబడ్డయి, ఇన్ని దినాలు ఆ మగ్గాలోళ్ళకు నేను ఏం దారం ఇచ్చిన అని. ఒక పిన్ను మొత్తానికే తీసేసిన, అది ఎందుకు పెట్టిండ్రో గూడ తెల్వది, రెండింటిని పక్కకు జరిపి మలుపు తగ్గించిన, కోన్ స్టాండు నాలుగు వేళ్ళు ఎడమకు జరిపి నడిమిట్లకు తెచ్చిన, కోన్‌కు నైలాన్ జాలి తొడిగిన. ఇప్పుడు 13 వస్తుంది, ఇంక మ్యాట్ గైడ్లు రాకముందే. 9 పిగ్‌టెయిల్స్ సూరత్‌కు ఆర్డర్ ఇచ్చిన, అవి వచ్చేదాక ఆ స్పిండిళ్ళు ఖాళీగనే ఉంచిన.

అక్కా, పాత దారం గోదాంల ఇంక 40 కిలోలు ఉంది, దాన్ని ఏం జెయ్యమంటవ్?


పుట్టపాక_అద్దకం:

చీరకు ఇయ్యకు తమ్ముడూ. ఒక చిలప (దారం చుట్ట) పోసి వేడి నీళ్ళల నానబెట్టి, గుంజకుండ నీడల ఆరబెట్టి మల్ల రంగేసి చూడు, అంత ఒక్క తీరుగ వస్తె పేకకు ఇయ్యొచ్చు, రాకుంటె ముదురు నలుపు అద్ది కుచ్చులకు అమ్ముకో. చీర పట్టుకొచ్చినాయనకు మాత్రం ముందు నువ్వే పోయి చెప్పు, కొత్త దారం రెండు కోన్లు తీసుకొని పో.


చౌటుప్పల్_ట్విస్టింగ్:

రేపు పొద్దున్నే పోతున్న అక్కా. కోన్లు పక్కకు తీసి పెట్టిన.