సాన పట్టని అబ్సిడియన్ రాయి: అసలుదో కాదో, ఎంత విలువ చేస్తుందో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

సభ్యులందరికీ నమస్కారం. ఆర్మేనియాలో వైద్యవిద్య చదువుతున్న మా మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు, యెరెవాన్‌లో కొన్న ఒక నల్లరాయిని నాకు ఇచ్చింది. అది అబ్సిడియన్ అని, అంటే అగ్నిపర్వత గాజు అని అమ్మినవారు చెప్పారట. రాయి పిడికిలంత ఉంది, బరువు 412 గ్రాములు. ఒక వైపు గరుకైన బూడిదరంగు పొర ఉంది. విరిగిన వైపు మాత్రం తారులా నిగనిగలాడుతూ, ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపులతో కనిపిస్తోంది. తుడుస్తుంటే అంచు తగిలి నా వేలు తెగింది. విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక దుకాణంవారు ధ్రువపత్రం ఉంటే లక్ష పలుకుతుందని, ముందుగా 5 వేలు కట్టమని అన్నారు. ఇక్కడ గుంటూరులో మరొకరు చేతిలోకైనా తీసుకోకుండా సీసా పెంకు అనేశారు. ఇంట్లోనే పరీక్షించే మార్గం ఉంటే దయచేసి తెలపండి.

జవాబు (విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ)

అయ్యా, ముందుగా ఆ 5 వేలు కట్టకండి. ఆర్మేనియా అబ్సిడియన్‌కు పేరున్న దేశం కాబట్టి మీ మేనకోడలి మాట నమ్మదగినదే. ఇదే రాయి కృష్ణ ఒడ్డున దొరికిందని ఎవరైనా అంటే నేను సందేహించేవాణ్ణి; మన చుట్టూ ఉన్న కొండలు ఖోండలైట్, చార్నొకైట్ వంటి అతి పురాతన శిలలు, అగ్నిపర్వత గాజేమో కోట్ల ఏళ్లు గడిచేకొద్దీ స్ఫటికాలుగా మారిపోతుంది. మన పొలాల్లో దొరికే నల్లని గాజురాళ్లు చాలావరకు పాత కొలుముల ఇనుప చిట్టెమే, అంటే ఇనుము కరిగించాక మిగిలిన మడ్డి.

వంటింటి డిజిటల్ త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, అంకెను సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కనిపించే గ్రాముల సంఖ్యే రాయి ఘనపరిమాణం. మొత్తం బరువును దానితో భాగిస్తే అబ్సిడియన్‌కు సుమారు 2.35 నుంచి 2.6 మధ్య రావాలి. చిట్టెమైతే సాధారణంగా 3కు అటూ ఇటూ ఉంటుంది. గీతల పరీక్ష వద్దు, ఎందుకంటే అబ్సిడియన్, సీసా గాజు రెండింటి గట్టిదనమూ మోస్ కొలమానంలో (రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే లెక్క) 5, 6 మధ్యే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

రాత్రే చేసి చూశాను. నీళ్లలో ముంచితే 172 వచ్చింది, భాగిస్తే 2.4 తేలింది. కానీ సీసా గాజు కూడా దాదాపు 2.5 ఉంటుందని చదివాను. మరి ఆ సందేహం తీరేదెలా?

జవాబు (అదే అధ్యాపకుడు)

మంచి ప్రశ్న. పలుచని అంచును టార్చి వెలుగుకు అడ్డంగా పెట్టండి. పొగచూరినట్టు గోధుమ లేదా బూడిద రంగు కనిపిస్తే అది అబ్సిడియన్ వైపే మొగ్గు. సీసా గాజులో తరచు పచ్చదనం తొంగిచూస్తుంది. తర్వాత పదింతల భూతద్దంతో బుడగలు వెతకండి. పోత గాజులో అవి గుండ్రంగా, చెదురుగా ఉంటాయి. లావా పారుతూ చల్లబడిన గాజులో బుడగలుంటే ఒకే దిక్కుకు సాగి, సన్నని చారలుగా కనిపిస్తాయి. మీరు చెప్పిన గరుకు పొర వీటన్నిటికన్నా బలమైన ఆనవాలు, దాన్ని గీకవద్దు.

జవాబు (రాళ్లకు సాన పట్టే వృత్తిలో ఉన్నవాణ్ణి, విజయవాడ)

విలువ గురించి నేను చెప్తాను. మామూలు నల్ల అబ్సిడియన్ ముడిరాయి కిలోల లెక్కన అమ్ముడయ్యే సరుకు. ఈ పరిమాణం రాయికి వందల్లోనే తప్ప లక్షల్లో ధర ఉండదు. వెలుగులో తిప్పినప్పుడు బంగారు మెరుపో ఇంద్రధనుస్సు పట్టీలో కనిపిస్తే, ఎర్రగోధుమ చారలుంటే మాత్రం ధర పెరుగుతుంది. కోతలో సగం వృథా అవుతుంది, వేడి తగిలితే పగుళ్లు వస్తాయి. అందుకే నా సలహా సాన పట్టించవద్దనే. కొన్న ఊరు, తేదీ రాసిన చీటీని రాయితోపాటు భద్రపరచండి, సేకరించేవారు దానికీ విలువ ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు

అంచు పొగరంగులోనే కనిపించింది, చారలూ ఒకే దిక్కుకు ఉన్నాయి. మేనకోడలికి ఫోన్ చేసి, కొన్న తేదీ చీటీ మీద రాసి రాయితోపాటు పెట్టెలో పెట్టాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.