అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ నిలకడ పోయింది, టో తేడానా క్యాస్టర్ తేడానా?

మలుపుల_పిచ్చోడు:
నాది టయోటా జీటీ86. లోయరింగ్ స్ప్రింగులు వేయించా, ముందు కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకి ఎంత వాలింది అన్నది) సర్దే బోల్టులు కూడా వేయించా, ఆ వెంటనే అలైన్‌మెంట్. అంతకుముందు హైవే మీద రెండు వేళ్లతో పట్టుకున్నా తిన్నగా పోయేది, ఇప్పుడు 100 దాటిందంటే చాలు ఒక్కచోట నిలవట్లేదు, రోడ్డు మీద గాడి ఎటుంటే అటు పోతోంది, నేను ఇటు సర్దితే అటు, అటు సర్దితే ఇటు, గంట నడిపేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. మలుపులో దూరేటప్పుడు మాత్రం కత్తిలా ఉంది, అది ఒప్పుకోవాలి. ఇంకోటి, బండి తిన్నగానే పోతుంది కానీ స్టీరింగ్ కాస్త ఎడమకి వంగి ఉంటోంది.

షీట్‌లో ఉన్నవి:
ముందు కాంబర్: ఎడమ -1°50', కుడి -1°40'
క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి ఎంత వాలింది అన్నది): ఎడమ 5°55', కుడి 5°45'
ముందు టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఎంత తిరిగింది అన్నది): ఎడమ -0°10', కుడి -0°10'
వెనక టో: ఎడమ 0°00', కుడి +0°24'

అలైన్‌మెంట్ చేసినతను ముందువి బాగానే వచ్చాయి, వెనకది పట్టించుకోనక్కర్లేదు అన్నాడు. టో 0.10 అంటే సున్నా కిందే లెక్క కదా, నేను అడిగింది కూడా సున్నానే. క్యాస్టర్ తక్కువైందంటారా?

లెక్కల_మాస్టారు:
క్యాస్టర్ జోలికి పోకండి ఇప్పుడే. మీ షీట్‌లో ఉన్నది 0.10 కాదండీ, 0°10', అంటే పది మినిట్లు. డిగ్రీకి 60 మినిట్లు, కాబట్టి అది 0.17 డిగ్రీ. అదీ ఒక్కో చక్రానికి. రెండూ కలిపితే 20 మినిట్లు, డిగ్రీలో మూడో వంతు. మీది 17 అంగుళాల రిమ్ అనుకుంటే (432 ఎంఎం) ఒక్కో వైపు ఒకటిం పావు ఎంఎం, మొత్తం రెండున్నర ఎంఎం. పైగా అంకె ముందు మైనస్ ఉంది, అంటే టో అవుట్, చక్రాల ముందు అంచులు బయటికి చూస్తున్నాయి (ప్లస్ అయితే లోపలికి, అది టో ఇన్). మీరు సున్నా అడిగారు, ఆయన ట్రాక్ బండి సెట్టింగ్ ఇచ్చి పంపాడు.

ఒక మెషీన్ మినిట్లలో చూపిస్తుంది, ఇంకోటి డెసిమల్‌లో, ఇంకోటి ఎంఎంలో. ఒక్క చక్రానిదా మొత్తానిదా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ సెట్టింగులు పోస్ట్ చేసేవాళ్లు కూడా దయచేసి ఏ కొలతో రాయండి, "టో మైనస్ పది" అని రాస్తే ఎవరికేం అర్థమవుతుంది.

మలుపుల_పిచ్చోడు:
అయ్యబాబోయ్. మూడుసార్లు చూశాను ఆ షీట్, ఆ పక్కన చిన్న గీత ఉందని కూడా గమనించలేదు 🤦

గ్రీజు_చేతులు:
మాస్టారు చెప్పింది నిజం, నేను ఇంకో మాట కలుపుతా. టో అవుట్‌లో రెండు ముందు చక్రాలూ చెరోవైపు చూస్తుంటాయి, తిన్నగా పోతున్నంతసేపూ ఒకదాని లాగుడుని ఇంకోటి ఆపుతుంటుంది అంతే, గాడి వల్లో గుంట వల్లో ఒకదానికి పట్టు పెరిగిందంటే అది చూస్తున్న వైపుకి బండిని లాక్కుపోతుంది. మలుపులో కత్తిలా ఉండటం కూడా దీనివల్లే, లోపలి చక్రం అప్పటికే మలుపు వైపు తిరిగి ఉంటుంది కాబట్టి స్టీరింగ్ కదిపీ కదపగానే ముక్కు తిరుగుతుంది. ఒకటి కావాలంటే రెండోది భరించాలి.

నా అనుమానం ఏంటంటే వాళ్లు టో మొదట పెట్టేసి తర్వాత కాంబర్ బోల్టు తిప్పి ఉంటారు. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండేది) ఉన్న బండిలో కాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది, ఇన్‌కి పోతుందా అవుట్‌కి పోతుందా అన్నది స్టీరింగ్ ర్యాక్ యాక్సిల్‌కి ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి. అందుకే ఎప్పుడూ వెనక చక్రాలు మొదట, తర్వాత ముందు క్యాస్టర్, కాంబర్, ఆఖర్న టో. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

స్ప్రింగులు వేసిన రోజే చేయించారా? కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండి ఇంకొంచెం కిందకి కూర్చుంటుంది, ఎత్తు మారితే టో మారుతుంది.

రోడ్‌స్టర్_రాణి:
అందరూ టో అవుట్‌ని అంత తిట్టకండి, నాకు కావాల్సింది అదే 😄 నాది ఎంఎక్స్-5, ఎన్‌సీ మోడల్. కోన్లు పెట్టి టైమ్ చూసుకునే ఈవెంట్‌లకి ముందు కాస్త అవుట్ పెట్టుకుంటా, ఆ రోజుకి బండి చెప్పిన మాట వింటుంది. కాకపోతే ఇంటికి వచ్చేటప్పుడు ప్రాణం విసిగిపోతుంది, టైర్ల లోపలి అంచు కూడా అరిగిపోతుంది. చాలామంది నెగటివ్ కాంబర్ టైరుని తినేస్తుందంటారు కానీ నా అనుభవంలో అసలు తినేది టో, కాంబర్ ఎక్కడ తినాలో చూపిస్తుందంతే.

క్యాస్టర్ గురించి నా కథ వినండి. ఎంఎక్స్-5లో కింది ఆర్మ్‌కి రెండు క్యామ్ బోల్టులు ఉంటాయి, రెండూ ఒకే వైపు తిప్పితే కాంబర్, ఎదురెదురుగా తిప్పితే క్యాస్టర్. ఉంది కదా అని క్యాస్టర్‌ని ఎంత పోతే అంత పెంచా. మొదటి వారం గాల్లో తేలిపోయా, స్టీరింగ్ బరువుగా, వదలగానే దానంతటదే తిన్నగా వచ్చేస్తూ, పెద్ద బండి నడిపినట్టు. తడి రోడ్డు మీద ఒక రోజు ముందు టైర్లు జారిపోయాయి, చేతికి ఒక్క ముక్క తెలియలేదు. అంతకుముందు జారబోయే ముందు స్టీరింగ్ తేలికయ్యేది, ఇప్పుడు చివరిదాకా అదే బరువు. ఒక డిగ్రీ తగ్గించా, మళ్లీ తెలియడం మొదలైంది. ఎందుకో మాత్రం ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

వట్టి_స్టీరింగ్:
రాణి గారూ, మీరు చెప్పిందే అసలు విషయం, నేను కాస్త సాగదీసి చెప్తా ఏమనుకోకండి. నాది లోటస్ ఎలీజ్, పవర్ స్టీరింగ్ అనేదే లేదు, చేతికి వచ్చేదంతా టైరు నుంచే.

మలుపులో టైరు మీద పడే పక్కబలం నేలని తాకే ప్యాచ్‌కి సరిగ్గా నడుమ పనిచేయదు, కాస్త వెనక్కి పనిచేస్తుంది. ఆ దూరాన్ని న్యూమాటిక్ ట్రెయిల్ అంటారు. స్టీరింగ్‌ని తిన్నగా తేవాలని చూసే బలంలో సగం కథ ఇదే. పట్టు చివరికొస్తున్న కొద్దీ ఈ దూరం తగ్గిపోతుంది, అదీ పట్టు పూర్తిగా పోకముందే, అందుకే టైరు జారబోయే ముందు స్టీరింగ్ తేలికవుతుంది. మనకి అది ముందస్తు కబురు. రెండోది మెకానికల్ ట్రెయిల్, ఇది క్యాస్టర్ వల్ల వచ్చేది, ఇది పట్టుతో పాటు తగ్గదు. క్యాస్టర్ బాగా పెంచితే ఈ రెండోదే చేతినిండా ఉంటుంది, మొదటిది తగ్గినా ఆ హోరులో వినపడదు. మీకు జరిగింది అదే.

అలాగని క్యాస్టర్ చెడ్డదనట్లేదు. స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి చక్రానికి అదనంగా నెగటివ్ కాంబర్ ఇచ్చేది అదే, స్పీడ్‌లో బండి తిన్నగా నిలిచేది దానివల్లే. సున్నా క్యాస్టర్‌తో నడిపితే ఇంకా భయం.

మలుపుల_పిచ్చోడు బ్రో, నువ్వు కత్తిలా ఉంది అన్నావు చూడు, దాన్ని ఫీల్ అని మాత్రం అనుకోకు. ముక్కు త్వరగా తిరగడం వేరు, టైరు ఏమంటోందో చేతికి తెలియడం వేరు. టో అవుట్ మొదటిది ఇస్తుంది, రెండోది ఇవ్వదు, పైగా నడుమ దగ్గర వణుకు కలిపి అసలు కబురుని చెడగొడుతుంది.

రోడ్‌స్టర్_రాణి:
రెండేళ్ల నుంచి ఉన్న డౌట్ తీరింది, థాంక్యూ. కానీ చివరి మాట ఒప్పుకోను, నాకు అవుట్ పెట్టినప్పుడు స్టీరింగ్ నడుమ దగ్గర కదిపినా ఏమీ జరగని ఆ చచ్చిన ఖాళీ పోతుంది, దాన్ని నేను ఫీల్ అనే అంటా.

వట్టి_స్టీరింగ్:
సరే, ఆ ఖాళీకి ముందు టై రాడ్ (స్టీరింగ్ ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్‌లు, కింది ఆర్మ్ రబ్బరు బుష్‌లు ఒకసారి చూపించండి మరి 🙂 అరిగిన బుష్‌ని టో అవుట్‌తో కప్పిపుచ్చిన బండ్లు చాలా చూశా.

గ్రీజు_చేతులు:
మీ ఇద్దరూ తర్వాత తేల్చుకోండి, పాపం ఆయన స్టీరింగ్ వంకర ఎవరూ చూడలేదు. వెనక ఎడమ 0, కుడి +24 మినిట్లు. అంటే వెనక రెండు చక్రాలూ కలిపి చూస్తే ఎడమ వైపుకి చూస్తున్నాయి. తేడాలో సగం, 12 మినిట్లు, థ్రస్ట్ యాంగిల్. వెనక చక్రాలు ఎటు చూస్తే బండి అటే పోతుంది, దానికి సమానంగా ముందు చక్రాలు కూడా ఎడమకి తిరిగి ఉండాలి, కాబట్టి స్టీరింగ్ ఎడమకి. "వెనకది పట్టించుకోనక్కర్లేదు" అన్నాడంటే నాకు ఒళ్లు మండింది.

లెక్కల_మాస్టారు:
ఆ బండి స్టీరింగ్ రేషియో 13కి 1 చుట్టుపక్కల, అంటే చక్రం ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్ 13 డిగ్రీలు తిప్పాలి. 12 మినిట్లు ఇంటూ 13, 156 మినిట్లు, స్టీరింగ్ దగ్గర రెండున్నర డిగ్రీలు. కంటికి తెలిసేంత వంకరే. టై రాడ్‌లు తిప్పి స్టీరింగ్ ఒక్కటే నిటారుగా చేయించుకున్నారనుకోండి, స్టీరింగ్ బాగానే కనిపిస్తుంది, బండి మాత్రం ఎండ్రకాయలా కాస్త పక్కకి నడుస్తుంది.

కొత్త_టైరు:
నా బండి కుడికి లాగేది, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు. ఎవరో చెబితే ముందు టైర్లు రెండూ అటుదిటు ఇటుదటు మార్చి చూశా, లాగుడు ఎడమకి మారిపోయింది. అంటే తప్పు టైరుదే. (ఒకే వైపు తిరగాల్సిన డైరెక్షనల్ టైర్లకి ఇది కుదరదు.) క్యాస్టర్ తేడా ఉంటే తక్కువున్న వైపుకి లాగుతుంది, అదీ చూడొచ్చు, కానీ ఈయనకి 10 మినిట్లే తేడా, దానికి లాగదు.

తాడు_స్టాండు:
మెషీన్ మీద నమ్మకం పోయినవాళ్లకి: నేను నాలుగేళ్లుగా ఇంట్లోనే చేసుకుంటున్నా. నాలుగు స్టాండ్లు, రెండు దారాలు, ఒక స్టీల్ స్కేలు. దారం బండికి రెండు వైపులా చక్రాల నడిమి ఎత్తులో కట్టాలి. ముందు ట్రాక్, వెనక ట్రాక్ (కుడి ఎడమ చక్రాల మధ్య దూరం) చాలా బండ్లలో ఒకటే ఉండవు, అందుకని హబ్ నడుమ నుంచి దారానికి దూరం ముందు కుడి ఎడమ సమానం, వెనక కుడి ఎడమ సమానం వచ్చేలా చూసుకోవాలి, ముందూ వెనకా ఒకటే రావక్కర్లేదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, నేనూ మొదటిసారి చేశా, బండి పీతలా నడిచింది. తర్వాత రిమ్ ముందు అంచు నుంచి ఒకసారి, వెనక అంచు నుంచి ఒకసారి కొలిస్తే తేడా టో.

చక్రాల కింద రెండేసి పలకలు, మధ్యలో గ్రీజు, లేకపోతే చక్రం నేలని పట్టుకుని కదలదు. జాక్ దించాక బండిని ముందుకీ వెనక్కీ కొంచెం దొర్లించాలి. టైర్లలో గాలి సరిచూసుకోవాలి, డ్రైవర్ సీట్లో మన బరువంత ఏదైనా పెట్టాలి, స్టీరింగ్‌ని కదలకుండా కట్టేయాలి. ఒక పూట పడుతుంది. నడుం నొప్పి వేరే.

మలుపుల_పిచ్చోడు:
అప్‌డేట్. వేరే చోటికి వెళ్లా, ఈసారి పక్కనే నిలబడ్డా. వెనక ఒక్కో వైపు +0°08', ముందు మొత్తం టో సున్నా, కాంబర్ రెండు వైపులా -1°40'. క్యాస్టర్ ముట్టుకోలేదు. స్టీరింగ్ నిటారుగా వచ్చింది, హైవే మీద ఆ వెతుకులాట ముప్పాతిక వంతు పోయింది. మలుపులో మొదటి కదలిక కాస్త నెమ్మదించింది, నాకు రెండు రోజులు నచ్చలేదు, మూడో రోజుకి అలవాటైంది, పైగా వట్టి_స్టీరింగ్ అన్న చెప్పిన ఆ తేలికవడం పొడవాటి మలుపులో మొదటిసారి చేతికి తెలిసింది. గాడుల్లో ఇంకా కొంచెం లాగుతోంది.

గ్రీజు_చేతులు:
ఆ మిగిలింది కాంబర్‌ది, టైరు వెడల్పుది. కిందకి దించిన బండి కదా, గతుకుల మీద బంప్ స్టీర్ కూడా కొంత ఉంటుంది, చక్రం పైకి కిందకి ఆడినప్పుడల్లా టో మారుతుంది. దాన్ని అలైన్‌మెంట్‌తో తీయలేం. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ జీరో చేయించారా మరి?

మలుపుల_పిచ్చోడు:
అదేంటి?? 😐