పుట్టని బిడ్డ గుండెకు పదికి ఎనిమిది: ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయి?

మియాపూర్_నాన్న
బేగంబజారులో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. రెండు రూపాయల తేడా వచ్చినా దొరికేదాకా నిద్రపట్టని మనిషిని. మా ఆవిడకు ఇప్పుడు 27వ వారం. అయిదో నెల స్కానింగులో బిడ్డ గుండె కుడివైపు ఉబ్బినట్టుందన్నారు. ఫీటల్ ఎకోలో (కడుపులోని బిడ్డ గుండెకు తీసే స్కాను) ఎబ్‌స్టీన్ అనామలీ అనే పుట్టుకతో వచ్చే కవాట లోపమని తేలింది. మొన్నటి రిపోర్టులో ‘కార్డియోవాస్కులర్ ప్రొఫైల్ స్కోరు 8/10’ అని ఉంది. డాక్టరు గారు "పనితీరు ఫరవాలేదు" అనేసి తర్వాతి వాళ్లను పిలిచారు. కవాటమే సరిగా లేని గుండెకు పనితీరు బాగుండటం ఏమిటి? మెట్రోలో ఇంటికొచ్చేదాకా ఆమె ఇదే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పసిగుండెల_డాక్టరమ్మ
పిల్లల గుండె వైద్యురాలిని. బొమ్మలు చూడకుండా మీ బిడ్డ గురించి తీర్పు చెప్పలేను కానీ, ఈ లెక్క విప్పగలను. అవి గుండె ఆకారానికి వేసిన మార్కులు కావు. ఉన్న గుండెతోనే బిడ్డ నెట్టుకొస్తోందా అన్నదానికి వేసినవి. అయిదు అంశాలు, ఒక్కోదానికి 2: ఒంట్లో నీరు చేరడం, గుండె పరిమాణం, కవాటాలూ కండరమూ పనిచేసే తీరు, సిరల్లో ప్రవాహం, బొడ్డుతాడు ధమనిలో ప్రవాహం.

ఎబ్‌స్టీన్‌లో గుండె కుడివైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం రేకులు కిందికి జారి ఉంటాయి. మూత సరిగా పడక రక్తం వెనక్కి కారుతుంది. గుండె ముడుచుకున్నంతసేపూ కారితే 1 పోతుంది. ఆ రక్తంతో కుడి పై గది సాగుతుంది. గుండె వైశాల్యం ఛాతీ వైశాల్యంలో 0.35 దాటితే ఇంకో 1 పోతుంది. మీ రెండూ బహుశా అక్కడే పోయాయి. కడుపులో ఉన్నంతకాలం ఆక్సిజన్ మావి నుంచే వస్తుంది, ఊపిరితిత్తులకు రక్తం కొంచెమే చాలు, మిగిలింది పై గదుల మధ్య ఉన్న దారిలో ఎడమవైపుకు దాటుకుంటుంది. అందుకే ఇలాంటి గుండె కూడా అప్పటికి నిలదొక్కుకుంటుంది.

నేనైతే మొత్తం స్కోరు కన్నా ముందు బొడ్డుతాడు సిరను చూస్తాను. ధార కొళాయి నీళ్లలా నిలకడగా ఉండాలి. గుండెతోపాటు ఎగిరిపడుతుంటే లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. ఎబ్‌స్టీన్‌లో పల్మనరీ కవాటం, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారిలో ఉండే కవాటం, సంగతీ చూడాలి. రక్తం దాని గుండా ముందుకు పోతుంటే కొంత ఊరట. అదే వెనక్కి కారుతుంటే 8 వచ్చినా నాకు దిగులే. రిపోర్టులో ఆ వాక్యం వెతకండి.

మెహదీపట్నం_అమ్మ
అన్నయ్యా, మా బాబుదీ ఇదే జబ్బు. ఒకచోట 8, వారానికే ఇంకోచోట 7 ఇచ్చారు. యంత్రం మారింది, చేయీ మారింది, మేము మాత్రం వారమంతా ఏడ్చాం. ఆ తర్వాత ఒక్కరి దగ్గరే తీయించుకున్నాం. పసిపిల్లల ఐసీయూ, పిల్లల గుండె డాక్టర్లు ఒకే ఆవరణలో ఉన్న ఆసుపత్రిని ఇప్పుడే ఖాయం చేసుకోండి. నొప్పులు మొదలయ్యాక అమీర్‌పేట ట్రాఫిక్కులో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

మియాపూర్_నాన్న
రెండో పేజీ అడుగున దొరికింది: పల్మనరీ కవాటంలో ప్రవాహం ముందుకే, లీకేజీ లేదు. గుండె, ఛాతీ నిష్పత్తి 0.38. లెక్క సరిపోయింది. మళ్లీ రెండు వారాలకు రమ్మన్నారు. ఈలోపు ఇంట్లో మేము గమనించాల్సింది ఏమైనా ఉందా డాక్టరమ్మ గారూ?

పసిగుండెల_డాక్టరమ్మ
కదలికలు. తగ్గాయని ఆమెకు అనిపిస్తే తేదీ కోసం ఆగకండి, అర్ధరాత్రైనా వెళ్లండి.