బ్లూటూత్ రిసీవర్ పెట్టాక స్టీరియోలో గుయ్‌మని మోత, ఎలా పోతుంది?

నాన్నగారి పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఇంకా చక్కగా పాడుతోంది. ఫోన్‌లోని పాటలు అందులో వినాలని కోఠి గుజరాతీ గల్లీలో బ్లూటూత్ రిసీవర్ కొన్నాను. 3.5 ఎంఎం పిన్ రిసీవర్‌కి, ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఆంప్లిఫయర్ వెనక ఆక్స్‌ (బయటి పరికరాల పాట తీసుకునే సాకెట్) లో పెట్టాను. ఫోనో సాకెట్ జోలికి పోలేదు, అది రికార్డు ప్లేయర్‌కే కదా.

రిసీవర్ బ్యాటరీ మీద నడిచినంతసేపూ పాట శుభ్రంగా ఉంటుంది. దానికి చార్జర్ పెట్టగానే గుయ్‌మని మోత మొదలు, పాట ఆపినా ఆగదు. ఆంప్లిఫయర్, చార్జర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల గ్రౌండ్ దారులు కలిసి చుట్టులా మారి మోత రావడం) అనుకుంటున్నాను. మధ్యలో ఆ లూప్‌ని తెంచే ఐసొలేటర్ పెడితే పోతుందా? బేస్ తగ్గుతుందా? అమ్మ పొద్దున్నే భక్తి పాటలు దీంట్లోనే వింటుంది, ఆ మోతతో వినిపించడానికి మనసొప్పడం లేదు. వాడినవాళ్లు కాస్త చెప్పండి.