కాజీపేట వైపు 7 మీటర్ల ఆర్‌ఈ వాల్: జియోగ్రిడ్ నిజంగా వందేళ్లు ఆగుతుందా?

కాజీపేట_సైట్:
రైల్వే ఓవర్‌బ్రిడ్జి అప్రోచ్‌కు ఆర్‌ఈ వాల్, అంటే లోపల వల పొరలతో బలపరిచిన మట్టిగోడ. ముందు కాంక్రీట్ ప్యానెళ్లు, వెనుక మట్టిని పట్టి ఉంచే పాలిస్టర్ వల, అదే జియోగ్రిడ్. డిజైన్ నోట్‌లో ఆయుష్షు వందేళ్లని ఉంది. మన మే ఎండలకు, వానాకాలం నీళ్లకు ఈ పోగు అన్నేళ్లు నిలుస్తుందా? ఇంకోటి, మంచి మొరం దూరమని కాంట్రాక్టర్ రామగుండం పాండ్ యాష్ (థర్మల్ కేంద్రం చెరువులో పేరుకున్న బొగ్గు బూడిద) నింపుదామంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

పునాదిలెక్క:
వందో ఏట గ్రిడ్‌లో ఎంత బలం మిగులుతుందో ముందే లెక్కగట్టి, ఆ మిగిలినదానికే గోడ డిజైన్ చేస్తారండీ. రోల్ మీద మీటరుకు 100 కిలోన్యూటన్లని ఉంటే దానికి మూడు కోతలు పడతాయి: ఎడతెగని బరువుకు మెల్లగా సాగడం, అదే క్రీప్; పరిచేటప్పుడు తగిలే దెబ్బలు; మట్టిలో రసాయనాలు. మాటవరసకు 1.5, 1.15, 1.15 అనుకుంటే గుణకారం 1.98. 100ను దానితో భాగిస్తే చేతికొచ్చేది దాదాపు 50. ఆపైన భద్రతా గుణకం వేరే. ఈ అంకెలు మీరు వాడే గ్రేడ్‌కు, మీ మట్టి గింజకు చేసిన పరీక్షల నుంచే రావాలి. పదునైన రాళ్లున్న మొరంలో దెబ్బల కోత పెరుగుతుంది. క్రీప్ పరీక్ష ఏ ఉష్ణోగ్రతలో చేశారో కూడా చూడండి. 20 డిగ్రీల రిపోర్టును పడమటి ఎండ తగిలే ప్యానెల్ వెనుక గ్రిడ్‌కు అలాగే వాడకూడదు.

పాలిస్టర్‌కు పడనిది క్షారం. తడి మట్టి పీహెచ్ 9 దాటితే పోగులోని అణుగొలుసులు తెగుతూ పోతాయి, వేడికి ఇంకా త్వరగా. అందుకే సున్నం, సిమెంట్ కలిపిన మట్టిలో అది వద్దు. సర్టిఫికెట్‌లో సగటు అణుభారం 25,000 పైన, కార్బాక్సిల్ ఎండ్ గ్రూపులు (గొలుసుల చివర్లు, ఇవి తక్కువుంటే పోగు మన్నిక ఎక్కువ) 30 లోపు ఉన్నాయా చూసుకోండి. హెచ్‌డీపీఈ అనే ఇంకో ప్లాస్టిక్ గ్రిడ్‌కి ఈ బాధ లేదు, కానీ ఆక్సీకరణ ఉంది, క్రీప్ కోతా ఎక్కువే.

బూడిద తప్పేం కాదు. ఢిల్లీ ఓఖ్లా ఫ్లైఓవర్ అప్రోచ్‌లో 1990లలోనే జియోగ్రిడ్‌తో బూడిద నింపారు. అయితే పాండ్ ఏ మూల నుంచి తవ్వారో దాన్నిబట్టి గుణం మారుతుంది కాబట్టి పీహెచ్ పదేపదే చూడాలి. 9 దాటే సరుకైతే గ్రిడ్ మార్చండి, లేదా బూడిద మానండి.

మొరంబండి:
లెక్క మంచిగనే ఉంది గని, ఈ గోడలు ఎక్కువగ గ్రిడ్ తెగి పాడుకావు. నీళ్లతోని, మట్టితోని పాడైతయి. ఈ గోడలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ ఎస్‌పీ 102 ప్రకారం 75 మైక్రాన్ జల్లెడ దిగే సన్నమట్టి 15 శాతం లోపు, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి జిగటకు కొలత) 6 లోపు ఉండాలె. మన దగ్గర మొరం పేరుతోని వచ్చే ఎర్రమట్టి చాలాసార్లు ఈ పరీక్షల ఫెయిలైతది. నల్లరేగడి అసలు ముట్టొద్దు.

ప్యానెల్ వెనుక 600 మిల్లీమీటర్ల కంకర డ్రైనేజీ పొర, జాయింట్ల మీద జియోటెక్స్‌టైల్ (నీళ్లను వదిలి మట్టిని ఆపే ఫిల్టర్ గుడ్డ) పక్కా వెయ్యాలె. బూడిదైతే ఇది ఇంకా ముఖ్యం, నీళ్లతోపాటే జాయింట్ల నుంచి కారిపోతది. ప్యానెల్ నుంచి 1.5 మీటర్ల దాకా పెద్ద రోలర్ రావొద్దు, ప్లేట్ కాంపాక్టరే. లేకుంటే ప్యానెల్ బయటికి ఉబ్బుతది. అట్లని అక్కడ దట్టింపు వదిలేస్తే మొదటి వానకే మట్టి కుంగి, గ్రిడ్‌ను ప్యానెల్ దగ్గర కిందికి గుంజుతది. రోజు పని బంద్ చేసే ముందు మట్టిని గోడకు దూరంగ వాలు పెట్టుండ్రి, జూన్ల అయితే తప్పదు.

గ్రిడ్ మీద కనీసం 150 మిల్లీమీటర్ల మట్టి పడేదాకా చైన్ బండి ఎక్కొద్దు. గ్రిడ్ బలమున్న దిక్కు గోడ నుంచి లోపలికి, అంటే గోడకు లంబంగ, ఆ దిక్కుల అతుకు లేకుండ ఒకే ముక్క. రోల్స్ టార్పాలిన్ కింద పెట్టుండ్రి, పరిచినంకా అదే రోజు మట్టి కప్పుండ్రి.

కాజీపేట_సైట్:
సంతోషం ఇద్దరికీ. పక్క స్ట్రెచ్‌లో పాత గోడ జాయింట్ల కింద తెల్లటి చారలున్నాయి. అది ప్రమాదమా?

పునాదిలెక్క:
కాంక్రీట్‌లోని సున్నం నీటితో బయటికొచ్చి ఆరిపోయిన చారలవి. వాటితో భయం లేదు, నీరు అక్కడికెట్లా వచ్చిందన్నదే చూడాలి. పైన క్రాష్ బ్యారియర్ పక్కన పగులుందా, డ్రెయిన్ స్పౌట్ మూసుకుపోయిందా చూడండి. చారతోపాటు సన్నమట్టి కూడా కారుతుంటే ఫిల్టర్ పోయినట్టే. జాయింట్ వెడల్పును వానలకు ముందు, తర్వాత కొలిచి రాయించండి.

మొరంబండి:
పైన లైట్ పోల్, కేబుల్ పని వచ్చినప్పుడు కూడ ఓ కన్ను పెట్టాలె. ఫౌండేషన్ గుంత తవ్వుతూ పై రెండు పొరల గ్రిడ్‌ను కోసేస్తరు, ఎవ్వనికీ చెప్పరు. అవి ఎక్కడొస్తయో డ్రాయింగ్‌ల ముందే గుర్తు పెట్టిస్తే గొడవ ఉండదు. ఇంకొకటి, గోడ కట్టేటప్పుడే ఆ రోల్ నుంచి ఐదారు ముక్కలు కోసి, తర్వాత తవ్వి తీసేటందుకు వీలైన చోట అదే మట్టిల పూడ్చిపెట్టుండ్రి. పదేండ్లకోసారి ఒకటి తీసి లాగి చూస్తే గ్రిడ్ సంగతి తేలిపోతది. పైసల్ పెద్దగ కావు.