మాటిమాటికీ ఆగిపోయే హోస్టింగ్: ఓపిక పట్టాలా, వెంటనే మారిపోవాలా?

చిన్నఅంగడి:
అందరికీ నమస్కారం. చేత్తో చేసిన వస్తువులు అమ్మే చిన్న సైట్ నడుపుతున్నాను. వర్డ్‌ప్రెస్ మీద ఉంది, షేర్డ్ హోస్టింగ్. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య సాయంత్రమైతే చాలు, పేజీ తిరుగుతూనే ఉంటుంది, లేకపోతే 503 (సర్వర్ ఇప్పుడు అందుబాటులో లేదు) అని వస్తుంది. సపోర్ట్‌కి రాస్తే ఎప్పుడూ ఒకటే జవాబు: "మా వైపు అంతా బాగానే ఉంది, మీ బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడండి." సర్వర్లు నడుస్తున్నాయో లేదో చూపించే వాళ్ల స్టేటస్ పేజీలో అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. కొనేవాళ్లు డబ్బు కట్టాక పేజీ ఆగిపోతోంది. అకౌంట్లో డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడిందా లేదా అని ఫోన్లు. రోజూ ఇదే టెన్షన్.

డొమైన్ (సైట్ పేరు), మెయిల్ కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. ప్లాన్‌కి చాలాకాలానికి సరిపడా ముందే కట్టేశాను. సైట్ చేసిపెట్టిన అబ్బాయి "ఎక్కడికెళ్లినా ఇంతే" అంటున్నాడు. నిజమేనా?

రాత్రిడ్యూటీ:
కాదండి, ఎక్కడికెళ్లినా ఇంతే కాదు. డబ్బు కట్టే పేజీ ఆగిపోతుంటే ఇంకా ఆలోచించడానికేముంది? మారిపోండి. ముందే కట్టిన డబ్బు మీరు అక్కడే ఉన్నా పోయినట్టే, వెళ్లినా పోయినట్టే. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఆర్డర్లు కూడా పోతాయి.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే మెషీన్ మీద వందల సైట్లు పెడతారు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతో ఉన్నదానికంటే ఎక్కువ అమ్ముతారు. సాయంత్రం అందరూ వచ్చేసరికి మీకు మిగిలేది ఏమీ ఉండదు. 'అన్‌లిమిటెడ్' అని రాసిన ప్లాన్ నిబంధనలు చదవండి, సీపీయూకి, ఫైళ్ల సంఖ్యకి పరిమితులు కింద ఎక్కడో ఉంటాయి.

కొలిచిచూడు:
రాత్రిడ్యూటీ గారు చెప్పింది జరిగి ఉండొచ్చు. కానీ జరిగిందో లేదో ఈ వివరాలతో మనకెవరికీ తెలియదు. రోగం సైట్‌లోనే ఉంటే కొత్తచోటికీ వెంట వస్తుంది. మారడానికి పడ్డ శ్రమంతా వృథా.

చిన్నఅంగడి గారూ, ఒక పని చేయండి. మీ సైట్ ఫోల్డర్లో ఒక్క వాక్యం ఉన్న మామూలు టెక్స్ట్ ఫైల్ పెట్టండి. బయటినుంచి ఐదు నిమిషాలకోసారి సైట్ తెరిచి చూసే మానిటరింగ్ సేవలు ఉచితంగానే దొరుకుతాయి. దానికి రెండు చిరునామాలు ఇవ్వండి, ఒకటి ఆ టెక్స్ట్ ఫైల్, రెండోది మీ హోమ్ పేజీ. టెక్స్ట్ ఫైల్‌కి పీహెచ్‌పీతో (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష), డేటాబేస్‌తో పని లేదు. సాయంత్రం అది కూడా రాకపోతే తప్పు సర్వర్‌దో, దాని నెట్‌వర్క్‌దో. అది టక్కున వచ్చి హోమ్ పేజీ మాత్రమే ఆగిపోతుంటే, మీ సైట్ తన వాటాకి మించి వాడుతోందన్నమాట, లేదా వాళ్లు ఇచ్చిన వాటాయే మరీ చిన్నది.

ఈ రెండోదానికి కారణాలు చాలాసార్లు మన కళ్లముందే ఉంటాయి. సాయంత్రం వేళకే పెట్టిన బ్యాకప్ ప్లగిన్. లాగిన్ పేజీ మీద ఆగకుండా పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే బాట్లు, అంటే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు. ఎవరైనా పేజీ తెరిస్తేనే కదిలే వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ (వేళకి పనులు నడిపే ఏర్పాటు). సైట్‌కి వచ్చిన ప్రతి రాకనీ రాసిపెట్టే యాక్సెస్ లాగ్ తెరిచి ఆ వేళ ఏ చిరునామాకి ఎక్కువ హిట్లు వచ్చాయో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

రాత్రిడ్యూటీ:
కొలవమనడం మంచిదే, కాదనను. కానీ ఇదంతా ఎవరు చేయాలి? లాగ్ చూసి "మీ లాగిన్ పేజీ మీద దాడి జరుగుతోంది" అని ఒక్క ముక్క రాయాల్సింది హోస్టింగ్ వాళ్లు కాదా? క్యాష్ క్లియర్ చేయమన్నారంటే లాగ్ తెరవనే లేదు. ఆగిపోవడం కంటే నాకు కోపం తెప్పించేది ఇదే.

సర్వర్లు అందరికీ ఆగుతాయి. 2017 ఫిబ్రవరి 28న ఫైళ్లు దాచుకునే అమెజాన్ క్లౌడ్ సేవ ఎస్3 కొన్ని గంటలపాటు కుప్పకూలింది. ఒక ఉద్యోగి కమాండ్‌లో విలువ తప్పుగా కొట్టడంతో, తీయాల్సినవాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేసినట్టయింది. వాళ్ల స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో చాలాసేపు దాన్ని మార్చలేకపోయారు. కానీ తర్వాత ఏం జరిగిందో, ఏం మారుస్తున్నామో అన్నీ రాసి బయటపెట్టారు. అదే ఏడాది జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. చూస్తే పెట్టుకున్న బ్యాకప్ పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. ఐనా రికవరీ పనంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టి చేశారు. అలాంటివాళ్ల దగ్గర నేను ఉంటాను. "మా వైపు అంతా బాగానే ఉంది" అనేవాళ్ల దగ్గర ఉండను.

నిబంధనలుచదివేది:
ఒక చిన్న మాట. 99.9 శాతం అప్‌టైమ్ (సర్వర్ ఆగకుండా నడిచే సమయం) హామీ ఇచ్చారని చాలామంది ధీమాగా ఉంటారు. 99.9 అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా హామీ తప్పినట్టు కాదు, ఏడాదికైతే 8 గంటల 45 నిమిషాలు. పైగా ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్ సాధారణంగా లెక్కలోకి రాదు. పేజీ మెల్లగా రావడాన్ని అసలు ఆగిపోవడం కిందే చూడరు. హామీ తప్పినా చేతికి డబ్బు ఇవ్వరు, తర్వాతి బిల్లులో కొంత తగ్గిస్తారు, అదీ మీరు గడువులోపు అడిగితేనే. కాబట్టి మానిటరింగ్ పెట్టండి. "సాయంత్రం మెల్లగా ఉంది" అని సపోర్ట్‌కి పెట్టే టికెట్‌కీ (ఫిర్యాదు), తేదీలు, నిమిషాలతో ఉన్న టికెట్‌కీ వచ్చే జవాబులో తేడా ఉంటుంది. రెండో రకం టికెట్ చాలాసార్లు పై స్థాయికి వెళ్తుంది.

పాతకాపు:
మీరిద్దరూ ఉండాలా వెళ్లాలా అని వాదించుకుంటున్నారు. చిన్నఅంగడి గారు రాసిన అసలు ప్రమాదకరమైన మాట ఎవరూ పట్టించుకోలేదు. "డొమైన్, మెయిల్ కూడా వాళ్ల దగ్గరే." వెళ్లిపోగలిగే స్థితి ఉంటేనే కదా ఆ వాదనకు అర్థం! రేపు బిల్లు గొడవ వచ్చి అకౌంట్ ఆపేస్తే సైట్, మెయిల్, పేరు మూడూ ఒకేసారి చేజారతాయి. హోస్టింగ్ ఇంకోటి దొరుకుతుంది. కొనేవాళ్లందరికీ తెలిసిన పేరు పోతే మళ్లీ రాదు.

అందుకే ఏ నిర్ణయానికైనా ముందు ఈ రెండు పనులు చేయండి. మొదటిది, డొమైన్ ఎవరి పేరుమీద ఉందో చూసుకోండి. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) అన్నచోట మీ పేరు, మీ మెయిల్ ఉండాలి. సైట్ చేసిపెట్టిన అబ్బాయిది కాదు, హోస్టింగ్ వాళ్లదీ కాదు. ఆ మెయిల్ కూడా ఇదే డొమైన్‌ది అయి ఉండకూడదు, ఎందుకంటే డొమైన్ ఆగిన రోజున దాన్ని తిరిగి తెచ్చుకునే మెయిల్ కూడా ఆగిపోతుంది. డాట్ కామ్ లాంటివైతే, డొమైన్ పేర్లను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నిబంధనలు మీ వైపే ఉన్నాయి. డొమైన్‌ని వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయడానికి కావాల్సిన రహస్య కోడ్ (ఆథ్ కోడ్) అడిగిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఐకాన్‌కే ఫిర్యాదు చేయొచ్చు. కొత్తగా కొన్న, లేదా కొత్తగా ట్రాన్స్‌ఫర్ అయిన డొమైన్ మాత్రం సాధారణంగా 60 రోజులు కదలదు. ట్రాన్స్‌ఫర్ చేస్తే మామూలుగా ఇంకో ఏడాది కలుస్తుంది, మిగిలిన గడువు పోదు. దేశాల పేర్లతో ముగిసే డొమైన్లకు ఎవరి నిబంధనలు వాళ్లకుంటాయి.

రెండోది బ్యాకప్. హోస్టింగ్ వాళ్లు రోజూ తీస్తున్నామంటారు. తీయొచ్చు కూడా. కానీ ఎక్కడ పెడుతున్నారు? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటాసెంటర్ భవనం మంటల్లో కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కస్టమర్లకు తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఫైళ్లు వేరుగా, డేటాబేస్ డంప్ (పూర్తి నకలు) వేరుగా మీ కంప్యూటర్లోకి దించుకోండి. దించుకుని ఊరుకోకుండా ఇంకో చోట తెరిచి చూడండి, పాత ఆర్డర్లు, ఫొటోలు వస్తున్నాయో లేదో.

కొలిచిచూడు:
పాతకాపు గారి మాటకు ఎదురు లేదు. కాకపోతే ఇవి చేశాక కూడా నా ప్రశ్న అలాగే ఉంటుంది. వెళ్లగలగడం వేరు, వెళ్లాల్సి రావడం వేరు.

చిన్నఅంగడి:
అందరికీ ధన్యవాదాలు. టెక్స్ట్ ఫైల్ పెట్టి చూశాను. హోమ్ పేజీ ఆగినప్పుడల్లా కాదుగానీ, చాలాసార్లు టెక్స్ట్ ఫైల్ కూడా రావడం లేదు. ఆ వేళలతో టికెట్ పెడితే వచ్చిన జవాబు: "మీరు పై ప్లాన్‌కి మారండి." డొమైన్ నా పేరుమీదే ఉంది, రిజిస్ట్రెంట్ దగ్గరున్న మెయిల్ అడ్రస్ మార్చేశాను. బ్యాకప్ దించుకున్నాను. ఇక మారడానికే నిశ్చయించుకున్నాను. సైట్ ఆగకుండా మారడం ఎలా? మెయిల్స్ పోతాయని భయంగా ఉంది.

కొలిచిచూడు:
టెక్స్ట్ ఫైల్ కూడా రావడం లేదంటే నేను కూడా మారమనే అంటాను. కానీ హోమ్ పేజీ ఒక్కటే ఆగిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి కొత్తచోట కూడా లాగ్ చూడటం మానకండి.

రాత్రిడ్యూటీ:
క్రమం ముఖ్యం. పాత అకౌంట్‌ని ఇప్పుడే ముట్టుకోకండి. కొత్తచోట నెలవారీ ప్లాన్ తీసుకోండి, తగ్గింపు ఎంత ఊరించినా ఏళ్ల తరబడి కట్టకండి. సైట్ అక్కడ పెట్టి, మీ కంప్యూటర్లో హోస్ట్స్ ఫైల్‌లో (ఏ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో ఆ కంప్యూటర్‌కి చెప్పే ఫైల్) కొత్త ఐపీ, అంటే కొత్త సర్వర్ అంకెల చిరునామా, రాసుకుంటే, లోకమంతా పాత సైట్ చూస్తున్నా మీకు మాత్రం కొత్తది కనిపిస్తుంది. ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టి పరీక్షించండి.

మీ డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో అందరికీ చెప్పే నేమ్‌సర్వర్లు కూడా పాతవాళ్లవే కదా. ముందుగా డీఎన్ఎస్‌ని (అవి చూపించే ఆ దారుల పట్టిక) వేరే సేవకి మార్చండి, ఉన్న రికార్డులన్నీ ఒక్కటీ వదలకుండా అక్కడ రాసి. ఆ మార్పు అంతటా చేరడానికి రెండు రోజులు ఇవ్వండి. రెండు చోట్లా రికార్డులు ఒకటే కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. డొమైన్ ట్రాన్స్‌ఫర్ లాక్‌లో ఉన్నా దీనికి అడ్డు రాదు. తర్వాత సైట్ రికార్డుకి టీటీఎల్ (పాత చిరునామాని మిగతావాళ్లు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లు చేసి ఒక రోజు ఆగండి. జనం తక్కువుండే వేళ ఆర్డర్లు ఆపి, డేటాబేస్ మరోసారి కాపీ చేసి, ఐపీ మార్చండి. ఇప్పటి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌ని (సైట్ సురక్షితమని బ్రౌజర్‌కి చూపించేది) కూడా కొత్తచోటికి తీసుకెళ్లండి, లేకపోతే కొత్తది వచ్చేదాకా బ్రౌజర్లు "సురక్షితం కాదు" అని చూపించి కొనేవాళ్లను భయపెడతాయి.

నిబంధనలుచదివేది:
మెయిల్‌ని అదే రోజు కదపకండి. మీ మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు పాతదే ఉన్నంతవరకు మెయిల్ పాతచోటికే వస్తుంది. అది వేరే మెయిల్ సర్వర్ పేరుకి కాకుండా మీ డొమైన్ పేరుకే చూపిస్తోందేమో చూడండి, అలా ఉంటే సైట్ ఐపీ మార్చగానే మెయిల్ కూడా దారి తప్పుతుంది. అలాంటప్పుడు మెయిల్‌కి వేరే పేరు పెట్టి, ఆ పేరుని పాత ఐపీకి చూపించి, ఎమ్ఎక్స్‌ని ఆ పేరుకి మార్చాలి. మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో కొత్త సర్వర్‌ని చేర్చండి, లేకపోతే సైట్ పంపే ఆర్డర్ మెయిల్స్ స్పామ్‌లోకి పోవచ్చు.

పాతకాపు:
పేమెంట్ గేట్‌వే సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్ అని ఉంటుంది. డబ్బు అందిందని సైట్‌కి కబురు వచ్చేది ఆ దారినే, ఆ క్షణాన సైట్ ఆగి ఉంటేనే మీకు ఆ ఫోన్లు వస్తున్నాయి. మారే రోజున గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లో విఫలమైన కబుర్లు చూసి, వాటిని మళ్లీ పంపించి, అందిన డబ్బుకీ పడిన ఆర్డర్లకీ లెక్క సరిచూసుకోండి. పాత అకౌంట్‌ని, ఎలాగూ కట్టేశారు కాబట్టి, మెయిల్ కూడా పూర్తిగా మారేదాకా అలాగే ఉండనివ్వండి. ఆటో రెన్యువల్ మాత్రం ఇవాళే తీసేయండి.