గాజు పాలిమర్ అనొచ్చా?

గుణుపురం నుంచి అడుగుతున్నాను. పాలిమర్లంటే చిన్న ముక్కలు వరసగా అతుక్కున్న పొడవాటి అణువులు కదా, వాటిలో రెండు కొసలూ కలిసిపోయిన రింగ్ పాలిమర్లు వేడికి ఎలా ఉంటాయి, మామూలు పాలిమర్లు ఎలా ఉంటాయి అని జూనియర్ల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నా. పుస్తకాల్లో చక్రీయ, సంవృత శృంఖల అని ఉన్నాయి, నోటికి పట్టడం లేదు. మా అమ్మకి చెబితే "రెండు కొసలూ అతికించేస్తే గాజే కదరా" అంది. గాజు పాలిమర్ అని రాసేయనా? మామూలుదాన్ని దారం పాలిమర్ అంటాను.

పర్లాకిమిడి నుంచి జవాబు:
తమ్ముడూ, అమ్మగారి మాట భలే ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి నేను సంవృత శృంఖలని వెనకేసుకు రాలేను కూడా. కానీ నువ్వు రాసేది వేడి గురించి కదా, అక్కడే గాజు నిన్ను ముంచుతుంది. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దాకా పెళుసుగా ఉండి, అది దాటాక మెత్తబడుతుంది, ఆ పెళుసుదనాన్నే గాజు స్థితి అంటారు. ఇప్పుడు "గాజు పాలిమర్ గాజు స్థితి" అని రాశావనుకో, ఏ గాజు? మనకి చేతిదీ గాజే, సీసాదీ గాజే.

అమ్మగారు అన్న ఇంకో మాట పట్టుకో, కొస. కథంతా దాని చుట్టూనే ఉంది. కొసన ఉన్న ముక్కని దారం ఒక పక్కే పట్టుకుని ఉంటుంది కాబట్టి అది ఎక్కువ ఊగుతుంది, చుట్టూ కాస్త ఖాళీ చేసుకుంటుంది. దారాలు పొట్టివయ్యే కొద్దీ అదే బరువులో కొసలు ఎక్కువైపోతాయి, మెత్తబడే వేడి దిగిపోతుంది. ఫాక్స్, ఫ్లోరీ అనే శాస్త్రవేత్తలు 1950లో దీనికి సూత్రం రాశారు, తగ్గుదల అణుభారానికి (అంటే ఒక్కో దారం బరువుకి) విలోమంగా ఉంటుందని. వలయానికి కొసలే లేవు, కాబట్టి ఆ పడిపోవడం దానికి అంతగా ఉండదు. సిలికోన్ నూనెల్లో అయితే తిరగబడుతుంది కూడా, వలయం చిన్నదయ్యే కొద్దీ మెలి తిరిగే వీలు తగ్గి, మెత్తబడే వేడి పెరుగుతుంది. రెండూ బాగా పొడుగైతే మాత్రం తేడా దాదాపు చెరిగిపోతుంది.

కరగడం వేరే సంగతి. ఆరు కార్బన్లు దారంలా వరసగా ఉన్న హెక్సేన్ మైనస్ 95 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అవే ఆరు కార్బన్లని చుట్టిన సైక్లోహెక్సేన్ 6.5 దగ్గర. (కోరాపుట్ కొండల్లోని సెమిలిగుడ చలికి రాత్రి బయట పెడితే గడ్డకట్టినా కట్టొచ్చు.) ఇవి పాలిమర్లు కావు, పైగా సైక్లోహెక్సేన్ అణువు పొందిక కూడా ఇందులో పనిచేస్తుంది, అందుకని ఉదాహరణగా వాడు కానీ రుజువు అనకు.

సిరోంచ నుంచి:
గాజు వద్దంటే కడియం అనొచ్చు కదండీ?

పర్లాకిమిడి:
అనుకున్నానండీ. కానీ చాలా కడియాలకి నోరు ఉంటుంది, రెండు కొసలూ ఎదురెదురుగా! అది వంచిన దారమే, వలయం కాదు. తమ్ముడూ, వలయం అనే రాసేయ్, అందరికీ తెలిసిన మాటే. గాజు స్థితి దాటే చోటుకి మెత్తబడే వేడి అను. మా ఊళ్లో కొమ్ము పనివాళ్లు కొమ్ముని వేడి చేసి కొంగ మెడలా వంచుతారు, అక్కడ కొమ్ము మెత్తబడుతుందే కానీ కరిగి కారదు. కొమ్ములోదీ పాలిమరే, కెరటిన్. మెత్తబడటం, కరగడం ఒకటి కాదని జూనియర్లకి చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

గుణుపురం:
వలయం, కొస, మెత్తబడే వేడి. రాసేసుకున్నా అన్నా. అమ్మ వదల్లేదు, "మరి గాజు చిట్లితే?" అంటోంది.

పర్లాకిమిడి:
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. దారం ఒక్కచోట తెగితే రెండు ముక్కలు. వలయం ఒక్కచోట తెగితే ముక్కలవదు, అదే బరువున్న దారం అవుతుంది, కొసలు రెండు పుట్టుకొస్తాయి. కొసల నుంచి విడిపోవడం మొదలయ్యే సిలికోన్ లాంటి వాటిలో వలయం ఎక్కువ వేడి ఓర్చుకునేది అందుకే, ముందు ఎక్కడో ఒకచోట తెగాలి కదా.